450 హెలి హెడ్ స్పీడ్: మూడు రకాలుగా కొలిస్తే మూడు అంకెలు, ఏది నమ్మాలి?

కాకినాడ_హరి
నాలుగు నెలలుగా 450 సైజు ఎలక్ట్రిక్ హెలి (రిమోట్‌తో ఎగిరే చిన్న హెలికాప్టర్) ఎగరేస్తున్నా. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మోటర్ మీద 3500 కేవీ (లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్టుకి నిమిషానికి తిరిగే చుట్లు) అని స్టిక్కర్ ఉంది. 3ఎస్ లిపో (11.1 వోల్టుల బ్యాటరీ), పినియన్ (మోటర్ మీది చిన్న గేరు) 13 పళ్లు, మెయిన్ గేరు 150 పళ్లు, 325 మి.మీ. కార్బన్ బ్లేడ్లు. గవర్నర్ (స్పీడు మారకుండా పట్టి ఉంచే ఏర్పాటు) వాడటం లేదు, థ్రాటిల్ కర్వ్ మొత్తం 85 శాతం దగ్గర చదునుగా పెట్టాను.

హోవర్‌లో (గాల్లో ఒకేచోట నిలిపినప్పుడు) తోక అటూ ఇటూ సన్నగా ఊగుతోంది. హెడ్ స్పీడ్ (పై రోటర్ నిమిషానికి తిరిగే చుట్లు) తక్కువైతే ఇలాగే ఉంటుంది, పెంచు అని ఫ్రెండ్ అన్నాడు. పెంచే ముందు ఇప్పుడు ఎంత ఉందో తెలియాలి కదా అని మూడు రకాలుగా చూశాను.

లెక్క వేస్తే 3500 × 11.1 × 13 ÷ 150, అంటే 3367 వచ్చింది. ఆప్టికల్ టాకోమీటర్ (బ్లేడ్లు వెలుతురుకి అడ్డుపడటాన్ని లెక్కపెట్టి స్పీడు చెప్పేది) అరువు తెచ్చి చూస్తే 3000. ఫోన్‌లో శబ్దం రికార్డు చేసి ఫ్రీక్వెన్సీ చూపించే యాప్‌లో పెడితే 183 హెర్ట్జ్ దగ్గర పెద్ద శిఖరం కనిపించింది. రెండు బ్లేడ్లు కాబట్టి 183 ÷ 2 × 60, అంటే 5490!

మూడింట్లో ఏది నిజం? అసలు ఒక్కటైనా నిజమేనా? రెండు రోజుల నుంచి ఇదే టెన్షన్.

రోటర్_రాజు
ఎందుకింత ఆలోచన? 95 పెట్టి ఎగరెయ్. తోక దానంతట అదే నిలబడుతుంది.

ఫైనలియర్_కిరణ్
5490 అయ్యే అవకాశమే లేదన్నా. లోడ్ లేకుండా, ఫుల్ థ్రాటిల్‌లో కూడా నీ మోటరూ గేరూ కలిసి 3367 దాటలేవు. కొత్తగా చార్జ్ చేసిన బ్యాటరీ 12.6 వోల్టులు అనుకున్నా 3822 దగ్గర ఆగుతుంది. కాబట్టి ఫోన్ అంకెలో తేడా ఉంది.

బెజవాడ_ఆటోనగర్
లెక్కలో వచ్చింది లోడ్ లేనప్పటి స్పీడు హరీ. దాన్ని 0.8తో గుణించు. మోటర్ ఎఫిషియెన్సీ అంతే ఉంటుంది. 2694. పదేళ్లుగా మా వాళ్లమంతా ఇదే లెక్క వాడుతున్నాం.

ఫైనలియర్_కిరణ్
ఆన్సర్ దగ్గరగానే ఉంది ఆటోనగర్ అన్నా, కారణం మాత్రం అది కాదు. ఎఫిషియెన్సీ తగ్గితే కరెంటు వేడిగా పోతుంది, అంతేగానీ స్పీడు అదే లెక్కన తగ్గదు. పినియన్ ఒక్కసారి తిరిగితే మెయిన్ గేరు 13 పళ్లు జరగాల్సిందే, పన్ను ఎగిరిపోతే తప్ప. గేరులో రాపిడి ఉంటే మోటర్ ఎక్కువ బలం పెట్టాలి, దానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటు కాయిల్‌లోంచి, ఈఎస్‌సీలోంచి (మోటర్‌కి కరెంటు ఇచ్చి స్పీడు నియంత్రించే సర్క్యూట్) పోయేటప్పుడు కొంత వోల్టేజీ అక్కడే పోతుంది. స్పీడు తగ్గేది ఆ పోయిన వోల్టేజీ వల్లే.

హరన్న లెక్క ఇలా వేద్దాం. 11.1లో 85 శాతం 9.43 వోల్టులు. హోవర్‌లో మోటర్‌లో ఒక పన్నెండున్నర ఆంపియర్లు నడుస్తున్నాయి, కాయిలూ ఈఎస్‌సీ కలిపి 0.04 ఓం అనుకుంటే అర వోల్టు పోతుంది. మిగిలింది 8.93. దాన్ని 3500తోనూ 13తోనూ గుణించి 150తో భాగిస్తే సుమారు 2710. ఆంపియర్లూ ఓములూ నేను ఊహించినవే. కానీ అటూ ఇటూ మార్చి చూడు, వంద ఆర్‌పీఎం కంటే పెద్దగా కదలదు.

బెజవాడ_ఆటోనగర్
అంటే నా 0.8లో థ్రాటిల్ 85 కూడా కలిసిపోయి ఉందన్నమాట. అందుకేనేమో ఫుల్ థ్రాటిల్‌లో ఎగరేసేవాళ్లకి నా లెక్క ఎప్పుడూ తక్కువ చెప్పేది. బాగా చెప్పావు తమ్ముడూ, ఇన్నాళ్లూ ఇది నాకు తట్టలేదు.

పాత_నైట్రో
హరి బాబూ, నాకు ఆ 3000 మీద అనుమానంగా ఉంది. సరిగ్గా 3000? 2980 కాదు, 3040 కాదు? గవర్నర్ లేని హెలి ఒక్క అంకె మీద అలా నిలబడదు. టాకో ఎక్కడ, ఏ టైములో చూశావు?

కాకినాడ_హరి
సాయంత్రం ఆరున్నరకి, మా ఇంటి వెనక వరండా ముందు. ఆ టాకో వెలుతురు లేకపోతే పనిచెయ్యదని వరండా ట్యూబ్‌లైట్ వేశాను. ప్రతిసారీ 3000 మీదే నిలబడింది, అందుకే అదే కరెక్ట్ అనుకున్నా.

పాత_నైట్రో
అనుకున్నదే. ఒక పని చెయ్యి. హెలిని డబ్బాలోనే ఉంచు. టాకోని రెండు బ్లేడ్ల సెట్టింగ్‌లో పెట్టి ఉత్త ట్యూబ్‌లైట్ వైపు చూపించు. అంకె ఎంతో ఇక్కడ రాయి.

కాకినాడ_హరి
3000.

హెలి డబ్బాలో ఉంది, బ్యాటరీ చార్జర్ మీద ఉంది. నేను రెండు రోజులు కొలిచింది మా వరండా లైటునా!

పాత_నైట్రో
కరెంటు ఆఫీసు వాళ్ల ఆర్‌పీఎం కొలిచావు నాయనా. మన కరెంటు 50 హెర్ట్జ్. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ ఒక్కో సైకిల్‌కి రెండుసార్లు మినుకుతుంది, సెకనుకి 100 సార్లు, నిమిషానికి 6000. టాకో దాన్ని రెండు బ్లేడ్లు దాటడం అనుకుని సగం చేసి 3000 చూపిస్తుంది. టాకోలో తప్పేమీ లేదు, అది చూసిందే చెప్పింది. మేం ఎగరెయ్యడానికి వెళ్లేముందు ఇంట్లో ట్యూబ్‌లైట్‌కి చూపించి, 3000 వస్తే టాకో బాగుందని జేబులో పెట్టుకునేవాళ్లం. తర్వాత గ్రౌండ్‌లో ఎండలో కొలిచేవాళ్లం. రెండూ ఒకేసారి చెయ్యకూడదు, అంతే.

డల్లాస్_ప్రసాద్
ఇక్కడ మా గ్యారేజీలో అదే పని చేస్తే 3600 వస్తుంది, మాది 60 హెర్ట్జ్ కాబట్టి. ఇండియా నుంచి వచ్చిన కొత్తలో టాకో పాడైందని మార్చబోయాను కూడా.

ఫైనలియర్_కిరణ్
మా హాస్టల్‌లో టాకో ఏమీ చూపించట్లేదు సార్, బ్లాంక్.

పాత_నైట్రో
మీవి ఎల్‌ఈడీలో, ఎలక్ట్రానిక్ చోక్ ట్యూబులో అయి ఉంటాయి. ఎలక్ట్రానిక్ చోక్ వేల హెర్ట్జ్‌లో నడుస్తుంది, టాకోకి అందదు. ఎల్‌ఈడీల్లో కొన్ని 100 దగ్గరే మినుకుతాయి, కొన్ని అసలు మినుకవు. చెక్ చేసుకోవడానికి పాత చోక్ ట్యూబే నమ్మకం.

బెజవాడ_ఆటోనగర్
ట్యూబ్‌లైట్ మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. మాది లేత్ వర్క్‌షాప్. ట్యూబ్‌లైట్ కింద తిరిగే చక్ ఒక్కోసారి ఆగిపోయినట్టు కనిపిస్తుంది. పని నేర్చుకునే కుర్రాళ్లు చెయ్యి పెట్టేస్తారని భయంతో మేం మూడు ట్యూబ్‌లని మూడు ఫేజుల మీద వేస్తాం, ఒకటి ఆరినప్పుడు ఇంకోటి వెలుగుతుంది. హెలి రోటర్ కూడా అంతే. రెండు బ్లేడ్ల రోటర్ 3000 దగ్గర చోక్ ట్యూబ్ కింద నిలబడినట్టు కనిపిస్తుంది. 2700 దగ్గరైతే వెనక్కి మెల్లగా తిరుగుతున్నట్టుంటుంది. హరీ, నువ్వు సాయంత్రం చీకట్లో, వరండా లైటు కింద, టాకో చేత్తో పట్టుకుని దగ్గరికి వెళ్లావంటే నాకు గుండె జారింది. ఇంకెప్పుడూ అలా చెయ్యకు.

కాకినాడ_హరి
నిజమే అన్నా, బ్లేడ్లు మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్టే కనిపించాయి. బాగుందని మా చెల్లిని పిలిచి చూపించాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే వణుకు వస్తోంది. ఇక చెయ్యను.

వరంగల్_విహంగం
వెనక్కి మెల్లగా తిరిగిందంటే 3000 కంటే కాస్త తక్కువని దానర్థం. కిరణ్ లెక్క 2710కి ఇదొక సాక్ష్యం.

ఫైనలియర్_కిరణ్
అవును! లైటు వెలిగిన రెండుసార్ల మధ్య బ్లేడు 180 డిగ్రీలకి కొంచెం తక్కువ తిరిగితే వెనక్కి జరిగినట్టు ఉంటుంది. 2700కి 162 డిగ్రీలే తిరుగుతుంది.

ధ్వని_సుధ
నేను సౌండ్ రికార్డింగ్ పని చేస్తాను, హెలి మా తమ్ముడిది. హరి గారి ఫోన్ అంకెని అందరూ పక్కన పెట్టేశారు గానీ, మూడు పద్ధతుల్లో నిజంగా రోటర్‌ని కొలిచింది అదొక్కటే. చదవడంలోనే పొరపాటు జరిగింది.

రెండు బ్లేడ్ల రోటర్ సెకనుకి 45 సార్లు తిరిగితే 90 హెర్ట్జ్ శబ్దం వస్తుంది. దాంతో పాటే దాని రెట్లు 180, 270, 360 కూడా వస్తాయి. ఫోన్ మైకు మనిషి మాట కోసం చేసింది. 100 హెర్ట్జ్ కింది శబ్దాన్ని గాలి రొదగా తీసుకుని తగ్గించేస్తుంది. అందుకే 90 దగ్గర శిఖరం నేలలో కలిసిపోయి, 180 దగ్గరది పైకి లేచింది. మీరు 183ని మొదటిది అనుకున్నారు, అది రెండోది. 183 ÷ 4 × 60 చెయ్యండి. 2745.

ఆ రికార్డింగ్ ఉంటే 274 దగ్గర ఇంకో చిన్న శిఖరం ఉందేమో చూడండి. ఉంటే ఇక అనుమానం లేదు.

కాకినాడ_హరి
ఉంది మేడం! 274కి కాస్త కింద, 269 దగ్గర చిన్నది. 388 దగ్గర ఇంకోటి, ఇది కొంచెం పెద్దది. ఇంకా పైకి వెళ్తే 6772 దగ్గర సూదిలా ఒకటి, 8000 దగ్గర ఇంకోటి. అవేంటో తెలియక నాయిస్ అనుకున్నా.

ధ్వని_సుధ
ఆ సూదే మనకి కావాల్సింది. మీ మెయిన్ గేరుకి 150 పళ్లు కదా. రోటర్ ఒక్కసారి తిరిగేలోపు 150 పళ్లు పినియన్‌ని తగులుతాయి. 6772 ÷ 150 = 45.15, దాన్ని 60తో గుణిస్తే 2709.

183 నుంచి 2745 వచ్చింది, పళ్ల నుంచి 2709. ఈ తేడా ఎందుకంటే యాప్ శబ్దాన్ని గళ్లుగళ్లుగా కోసి చూస్తుంది. సెకనుకి 44100 శాంపిళ్లు తీసుకుని 4096 ఒక్క కట్టగా లెక్కేస్తే ఒక్కో గడి దాదాపు 10.8 హెర్ట్జ్ వెడల్పు. 181 అయినా 186 అయినా 183 గడిలోనే పడుతుంది. అంటే అక్కడ 80 ఆర్‌పీఎం అటూ ఇటూ తేడా వచ్చేస్తుంది. అదే గడి తేడా 6772 దగ్గరైతే సుమారు 2 ఆర్‌పీఎం మాత్రమే. ఫ్రీక్వెన్సీ ఎంత పైకి వెళ్తే అంత కచ్చితంగా తెలుస్తుంది. అందుకే బ్లేడు శబ్దం చూసి సుమారుగా ఎక్కడుందో పట్టుకుని, పళ్ల శబ్దంతో కచ్చితం చేసుకోవాలి. 150 పళ్లే అని ఒకసారి లెక్కపెట్టి నిర్ధారించుకోండి, సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి.

కాకినాడ_హరి
స్కెచ్ పెన్‌తో ఒక పంటికి గుర్తు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను. 150. పినియన్ 13.

ధ్వని_సుధ
మరి 388 తోకది అయి ఉండాలి. మీ తోక గేరు రేషియో ఎంత?

పాత_నైట్రో
ఈ సైజులో మామూలుగా కనిపించే సెట్టు అయితే 4.24 అమ్మా, అంటే పై రోటర్ ఒక చుట్టు తిరిగితే తోక 4.24 చుట్లు. మెయిన్ షాఫ్ట్ మీద 106 పళ్లు, తోక వైపు 25.

ధ్వని_సుధ
అయితే సరిగ్గా సరిపోయింది సార్. 388 ÷ 2 ÷ 4.24 × 60, అంటే 2745. గడి వెడల్పు లెక్కలోకి తీసుకుంటే 2707 నుంచి 2783 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 2709 అందులోనే ఉంది. బ్లేడు, తోక, పళ్లు మూడూ ఒకే మాట చెబుతున్నాయి.

8000 దగ్గరది రోటర్‌ది కాదు, ఈఎస్‌సీ స్విచింగ్ శబ్దం అయి ఉంటుంది. తెలుసుకోవడం సులువు. థ్రాటిల్ మార్చి ఇంకోసారి రికార్డు చెయ్యండి. రోటర్‌కి సంబంధించినవన్నీ కలిసి జరుగుతాయి, అది మాత్రం అక్కడే ఉంటుంది.

డల్లాస్_ప్రసాద్
నాకు ఇంత కష్టం లేదు, నా ఈఎస్‌సీ లాగ్ ఉంచుతుంది. కేబుల్ పెట్టి లాప్‌టాప్‌లో చూస్తే ఫ్లైట్ మొత్తం గ్రాఫ్ వస్తుంది. కానీ అది కూడా నన్ను ఒకసారి మోసం చేసింది. హోవర్‌లో 4500 అని చూపించింది. వారం పాటు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, సెట్టింగ్‌లో మోటర్ పోల్స్ 6 అని ఉంది, నా మోటర్‌కి 10 అయస్కాంతాలు. ఈఎస్‌సీకి మోటర్ ఎన్నిసార్లు తిరిగిందో నేరుగా తెలియదు, కరెంటు ఎన్నిసార్లు మారిందో తెలుస్తుంది. దాన్ని పోల్ జతలతో భాగించేది మనం ఇచ్చిన అంకెతోనే. 4500 × 6 ÷ 10 చేస్తే 2700. లాగ్ ఉన్నా సరే ఒక్కసారైనా సుధ గారి పద్ధతిలో సరిచూసుకోవాలని ఇప్పుడు అనిపిస్తోంది.

ఫైనలియర్_కిరణ్
రోటర్‌ఫ్లైట్ (హెలిని నడిపే కంట్రోలర్‌లో వేసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. పోల్స్ కౌంటు, గేరు రేషియో తప్పు కొడితే స్పీడు తప్పు చూపించడమే కాదు, గవర్నర్ తప్పు స్పీడ్‌ని పట్టుకుని కూర్చుంటుంది. దాని వైబ్రేషన్ ఫిల్టర్లు కూడా ఆ అంకె మీదే ఆధారపడతాయి.

రోటర్_రాజు
మా వాళ్లు ఫోన్ స్లో మోషన్‌లో తీసి లెక్కపెడతారు. అది ఎలా?

వరంగల్_విహంగం
240 ఫ్రేముల్లో తీస్తే 2700 దగ్గర ఒక్కో చుట్టుకి ఐదుకి కొంచెం ఎక్కువ ఫ్రేములు వస్తాయి. ఒక బ్లేడు చివర మార్కర్‌తో గుర్తు పెట్టి, 240 ఫ్రేముల్లో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. కళ్లు లాగేస్తాయి గానీ పనవుతుంది. గుర్తు కోసం టేపు మాత్రం అంటించొద్దు, ఒక బ్లేడు బరువెక్కి హెలి మొత్తం వణుకుతుంది.

ఫైనలియర్_కిరణ్
మామూలు 30 ఫ్రేముల వీడియోతో కూడా పట్టొచ్చు. రెండు బ్లేడ్లు 30 ఫ్రేముల్లో నిలబడినట్టు కనిపిస్తే స్పీడు 1800, 2700, 3600 ఈ మూడింట్లో ఒకటి. ప్రతి 900కి ఒకసారి అలా నిలబడుతుంది. లెక్క వేసి సుమారు తెలుసుకుని ఉంటే ఏదో తేలిపోతుంది. ఫోన్ నిజంగా 30 ఫ్రేములే తీస్తోందో లేదో మాత్రం చూసుకోవాలి, వెలుతురు తగ్గితే కొన్ని ఫోన్లు తగ్గించేస్తాయి.

పాత_నైట్రో
మీ యాప్‌లూ గళ్లూ బాగానే ఉన్నాయి. నైట్రో ఇంధనంతో నడిచే ఇంజన్ల రోజుల్లో మాకు ఇవేవీ లేవు. ఇంజను శబ్దం వింటే కార్బ్యురేటర్ సూది ఎంత తిప్పాలో, హెడ్ ఎంత తిరుగుతోందో చెవికే తెలిసేది. ఇప్పటికీ నా 600 ఎలక్ట్రిక్‌ని చెవితోనే సెట్ చేస్తాను. కొత్త పిల్లలు చెవి వాడటం మానేశారని నా బాధ.

ధ్వని_సుధ
చెవిని తక్కువ చెయ్యను సార్, నా అన్నం అదే పెడుతోంది. కానీ చెవి పోల్చడంలో గొప్పది, కొలవడంలో కాదు. 2700 నుంచి 2860కి వెళ్తే హార్మోనియంలో ఒక మెట్టు తేడా. రెండూ పక్కపక్కన వింటే ఎవరికైనా తెలుస్తుంది. నిన్న విన్నదీ ఇవాళ విన్నదీ అంటే శ్రుతి జ్ఞానం బాగా ఉన్నవాళ్లే చెప్పగలరు. గాలి, దూరం, హెలి మీ వైపు వస్తోందా వెళ్తోందా అన్నది కూడా మార్చేస్తాయి. సెకనుకి 20 మీటర్ల వేగంతో ఎదురుగా వస్తుంటే స్వరం ఆరు శాతం పైకి పోతుంది, అదే ఒక మెట్టు. అందుకే రికార్డింగ్ కూడా కదలని హోవర్‌లోనే చెయ్యాలి.

మీ చెవికి ఒక సాయం ఇవ్వనా? ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకోండి. ఈ 450లో తోక శబ్దం ఐదు శ్రుతి షడ్జమానికి కలిస్తే, అంటే 392 హెర్ట్జ్, హెడ్ స్పీడ్ 2774. నాలుగున్నరకి కలిస్తే 2618. హరి గారిది ఆ రెంటికీ నడుమ ఉంది.

పాత_నైట్రో
మా అమ్మాయి ఐదు శ్రుతికే పాడుతుంది తల్లీ! పొద్దున్నే తంబూరా యాప్ అదే మోగుతుంటుంది. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. చెవికి శ్రుతిపెట్టె కావాలన్న మాట ఒప్పుకుంటున్నాను.

రోటర్_రాజు
సరే 2709 అని తేలింది. ఇంకా చాలా ఖాళీ ఉంది కదా. నా మాట విను హరీ, 15 పళ్ల పినియన్ వెయ్. 3100 దాటిస్తే తోక కత్తిలా నిలబడుతుంది.

వరంగల్_విహంగం
రాజు గారూ, కోపం తెచ్చుకోకండి. ఇదే సలహా నాకు ఒక షాపులో ఇచ్చారు. 13 తీసి 15 వేశాను. థ్రాటిల్ 90. లెక్క మళ్లీ వేసుకోలేదు, కొలవలేదు. బ్లేడ్లు పాత కిట్‌తో వచ్చిన చెక్కవి. రెండు ఫ్లైట్లు బ్రహ్మాండంగా ఎగిరింది. మూడోదానిలో, నడుం ఎత్తులో హోవర్ చేస్తుండగా ఒక బ్లేడు మొదట్లో చీలి ఊడిపోయింది. మిగిలిన ఒక్క బ్లేడుతో హెడ్ తిరిగేసరికి ఫ్రేము ముక్కలైంది. ఊడిన బ్లేడు నలభై అడుగుల అవతల ప్రహరీ గోడకి తగిలి పడింది. నాకూ ఆ గోడకీ మధ్య మా నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఆయన పక్కనుంచి పోయింది. ఏమీ కాలేదు. ఆయన ఇవాళ్టికీ దాని గురించి మాట్లాడరు, గ్రౌండ్‌కి రావడం మాత్రం మానేశారు.

తర్వాత లెక్క వేస్తే 3300 దగ్గర తిరిగి ఉండాలి. ఆ చెక్క బ్లేడ్లు దానికి చేసినవి కావు. ఇంటికి వెళ్లి రెండు నిమిషాలు కాలిక్యులేటర్ తీసి ఉంటే సరిపోయేది.

రోటర్_రాజు
అన్నా, క్షమించు. నాకు ఇది తెలియదు. నావి కార్బన్ బ్లేడ్లు కాబట్టి ఎప్పుడూ భయపడలేదు. నావి కూడా కొలుస్తాను.

ఫైనలియర్_కిరణ్
కార్బన్ అయినా బలం లెక్క తెలిసి ఉండాలి. 325 మి.మీ. బ్లేడు ఒక్కోటి సుమారు 35 గ్రాములు. బరువు మధ్య బిందువు హెడ్ నుంచి 19 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, 2700 దగ్గర ఆ చిన్న బ్లేడు గ్రిప్పుని 54 కిలోల బరువు వేలాడదీసినంత బలంగా బయటికి లాగుతుంది. స్పీడు పెరిగితే ఈ బలం వర్గంలో పెరుగుతుంది. 3300కి పోతే ఒకటిన్నర రెట్లు, 80 కిలోలు. బ్లేడు చివర వేగం 2700 దగ్గరే సెకనుకి 100 మీటర్లు, అంటే గంటకి 360 కిలోమీటర్లు.

బెజవాడ_ఆటోనగర్
ఆ 80 కిలోలు మోసేది ఒక్క 3 మి.మీ. బోల్టు. నేను ప్రతి ఇరవై ఫ్లైట్లకి బ్లేడు బోల్టులు తీసి గోరుతో గీసి చూస్తా, గాటు తగిలితే మార్చేస్తా.

డల్లాస్_ప్రసాద్
మా అబ్బాయి అడిగాడు, నిజం హెలికాప్టర్ ఇంకా వేగంగా తిరుగుతుందా అని. బెల్ 206 రోటర్ నిమిషానికి 394 చుట్లే తిరుగుతుంది. కానీ దాని వ్యాసం పది మీటర్లు దాటి ఉంటుంది, బ్లేడు చివర వేగం సెకనుకి 210 మీటర్ల దాకా వెళ్తుంది. చుట్లు తక్కువ, చివర వేగం మనకి రెట్టింపు. వాడు అస్సలు నమ్మలేదు, కాగితం మీద వేసి చూపించాల్సి వచ్చింది.

కాకినాడ_హరి
విహంగం గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. పినియన్ మార్చను.

ఇంకో డౌట్. స్టిక్కర్ మీద 3500 కేవీ ఉంది సరే, లోపల అదే మోటరో కాదో ఎలా తెలుస్తుంది? ముందు ఎవరైనా కాయిల్ మళ్లీ చుట్టించి ఉంటే?

బెజవాడ_ఆటోనగర్
డ్రిల్లింగ్ మెషిన్ ఉంటే చాలు. మోటర్ షాఫ్ట్‌ని డ్రిల్ చక్‌లో బిగించి తిప్పు, మూడు వైర్లలో ఏవైనా రెంటి మధ్య మల్టీమీటర్‌ని ఏసీలో పెట్టి చూడు. డ్రిల్ స్పీడ్‌ని ఆ వోల్టేజీతో భాగించి, మళ్లీ 1.414తో భాగించు. మా షాపు డ్రిల్ 2800 తిరుగుతుంది. దానికి 0.56 వోల్టు వస్తే సుమారు 3540 కేవీ. వైర్లు ఒకదానికొకటి తగలకుండా చూసుకో, తగిలితే మోటర్ బిగుసుకుపోతుంది.

ధ్వని_సుధ
హెడ్ స్పీడ్ శబ్దంతో నేరుగా తెలిసింది కాబట్టి కేవీ ఎంతైనా 2709 మారదు హరి గారూ. కేవీ కావాల్సింది ఇంకో పినియన్ వేస్తే ఎంత అవుతుందో ముందే తెలుసుకోవడానికి.

పాత_నైట్రో
అసలు రోగం మర్చిపోయారు అందరూ. తోక ఊపు. 2709 ఈ సైజుకి హోవర్‌కి చక్కగా సరిపోయే స్పీడు, తప్పు దానిది కాదు. తోక స్లైడర్‌ని (తోక బ్లేడ్ల కోణం మార్చడానికి షాఫ్ట్ మీద జరిగే ముక్క) సర్వో లింకు ఊడదీసి వేలితో జరిపి చూడు. నూనె రాసిన కిటికీ గొళ్లెంలా జారాలి. ఎక్కడైనా పట్టేస్తే అదే కారణం. జారుతుంటే జైరో గెయిన్ (తోకని నిలబెట్టే సెన్సర్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకె) ఐదు తగ్గించి చూడు. గబగబా సన్నగా ఊగితే గెయిన్ ఎక్కువైనట్టు, మెల్లగా పక్కకి తిరిగిపోతుంటే తక్కువైనట్టు.

కాకినాడ_హరి
మూడు రోజుల తర్వాత వచ్చాను. ఊళ్లో గాలి ఎక్కువగా ఉంది, ఇవాళ పొద్దున్న ఆరింటికి కుదిరింది.

స్లైడర్ పట్టేస్తోంది సార్, షాఫ్ట్ మీద మట్టి చేరి నల్లగా గట్టిపడింది. తుడిచి ఒక చుక్క నూనె వేశాను. గెయిన్ ముట్టుకోకుండానే ఊపు దాదాపు పోయింది. గెయిన్ మూడు తగ్గిస్తే పూర్తిగా పోయింది. హెడ్ స్పీడ్ ఒక్క చుట్టు కూడా పెంచలేదు.

తర్వాత హెలికి ముప్పై అడుగుల దూరంలో ఫోన్ నేల మీద పెట్టి, మూడు థ్రాటిళ్లలో అర నిమిషం చొప్పున హోవర్ చేశాను. 75 దగ్గర పళ్ల సూది 6008, అంటే 2403. 85 దగ్గర మళ్లీ 6772, అదే 2709. 90 దగ్గర 7160, అంటే 2864. సుధ మేడం చెప్పినట్టు 8000 దగ్గరది మూడింట్లోనూ అక్కడే ఉంది. కిరణ్ లెక్కతో పోలిస్తే 90కి పది పదిహేను చుట్లు కూడా తేడా లేదు.

75 దగ్గర హెలి మెత్తగా ఉంది గానీ హోవర్ నేర్చుకోవడానికి అదే నచ్చింది, శబ్దం తక్కువ. కొన్నాళ్లు 80 దగ్గర ఎగరేస్తాను.

ఫైనలియర్_కిరణ్
ఊహించిన ఓములు అంత దగ్గరగా వస్తాయని నేనూ అనుకోలేదన్నా! మూడు రికార్డింగులూ ఒకే బ్యాటరీతోనేనా?

కాకినాడ_హరి
కాదు, ప్రతిదానికీ కొత్తగా చార్జ్ చేసింది వేసి, రెండు నిమిషాలు ఎగిరాక, మీటర్ 11.1 చూపించినప్పుడు మొదలుపెట్టాను.

ధ్వని_సుధ
అదే చెయ్యాల్సిన పద్ధతి. ఆ మూడు ఫైళ్లు దాచుకోండి. ఎప్పుడైనా బేరింగ్ పాడైనా, గేరు పన్ను అరిగినా, అదే థ్రాటిల్‌లో మళ్లీ రికార్డు చేసి పక్కన పెట్టి చూస్తే సూది పక్కన కొత్త గీతలు కనిపిస్తాయి.

రోటర్_రాజు
నాది కొలిచాను. 95 దగ్గర 3170 వచ్చింది. బ్లేడ్ల కవరు వెతికి దాని మీద గరిష్ఠ స్పీడు ఏం రాశారో చూసేదాకా ఎగరెయ్యను.

పాత_నైట్రో
మంచి పని చేశావు రాజూ. సుధమ్మా, ఆదివారం గాలి లేవకముందే నా 600 తీసుకొస్తాను. మెయిన్ గేరు పళ్లు లెక్కపెట్టి కాగితం మీద రాసి ఉంచుతా, రికార్డింగ్ పంపిస్తే చూసి చెప్పు. నా చెవి ప్రకారం 1900. ముందే చెబుతున్నా.